నాయన క్యాసెట్లు గడప దాటడానికి 35 రోజులు: ఇంట్లో వెబ్ సర్వర్ పెట్టిన నా అనుభవం

మా నాయనకు భారతం అంటే ప్రాణం. మా చిత్తూరు వైపు ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుళ్ళ దగ్గర మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం పెడతారు. చంద్రగిరి, పాకాల, పూతలపట్టు, ఎక్కడ భారతం అంటే అక్కడికి టేప్ రికార్డర్ చంకన పెట్టుకుని బస్సెక్కేవాడు. ఆయన పోయాక ఇనప్పెట్టెలో 63 క్యాసెట్లు దొరికాయి. పోయిన చలికాలమంతా కూర్చుని వాటిని ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కించాను.

ఎక్కించాక వినేవాళ్ళు కావాలి కదా. ఆ పద్యాలు పాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ళ ఇళ్ళకు పోయి అడిగితే ఇద్దరు ముగ్గురు ఒకటే మాట అన్నారు: "మేం వింటాం, మా పిల్లోళ్ళు వింటారు, అంతే గానీ లోకమంతా చూసే వీడియోల్లో పెట్టొద్దమ్మా." నాకది న్యాయంగా తోచింది. అందుకే మా ఇంట్లోనే ఒక సర్వర్, అంటే అడిగినవాళ్ళకు పేజీలు పంపే కంప్యూటర్, పెట్టి, పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు మాత్రమే వినేలా చేద్దామనుకున్నాను. నేను డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్తాను. పాఠంగా ఇవన్నీ తెలుసు. అయినా 35 రోజులు పట్టింది. ఎక్కడెక్కడ ఎన్ని రోజులు పోయాయో రాస్తున్నాను. నాలాగే ఇంట్లో మొదలుపెట్టేవాళ్ళకు ఇందులో సగం రోజులైనా మిగులుతాయి.

2025 మే 24, శనివారం. పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించి, పేజీలు పంపే ఎన్‌జిన్‌ఎక్స్ అనే ప్రోగ్రాం పెట్టి, క్యాసెట్లన్నీ పర్వాల వారీగా ఒక పేజీలో పేర్చాను. ఒక గంట క్యాసెట్ మామూలుగా ఎక్కిస్తే 600 ఎంబీ దాటుతుంది. మోనో ఎంపీ3గా 64 కేబీపీఎస్‌లో కుదిస్తే 29 ఎంబీకి వచ్చింది, గొంతు ఏమీ చెడలేదు. సాయంత్రానికి ఇంట్లో వైఫై మీద ల్యాప్‌టాప్ లోపలి అడ్రస్ 192.168.1.12 అని కొడితే పేజీ తెరుచుకుంది. అమ్మ ఫోన్లో మొదటి క్యాసెట్ పెట్టాను. హరికథ మొదలయ్యే ముందు నాయన గొంతు, ఊరి పేరూ తేదీ చెప్తూ. అమ్మ ఏమీ అనలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని వాకిట్లోకి పోయి కూర్చుంది.

ఆ రాత్రే పీలేరులో ఉన్న మామకు అడ్రస్ పంపాను. డొమైన్ పేరు (సైట్ పేరు) ఏడాదికి 649 రూపాయలకు కొని, "నా ఐపీ ఎంత" అని చెప్పే పేజీలో కనిపించిన నంబర్‌కు, అంటే నెట్‌లో మా ఇంటి అడ్రస్‌కు, దాన్ని కలిపాను. రౌటర్‌లో 80, 443 పోర్టులు, అంటే వెబ్ పేజీలు వచ్చిపోయే తలుపులు, ల్యాప్‌టాప్‌కు మళ్ళించాను. పది నిమిషాలకు మామ ఫోన్: "పాపా, తిరగతానే ఉండాది. ఏమీ రాలే."

ఆ తర్వాత ఆరు రోజులు తప్పంతా నా ఇంట్లోనే ఉందనుకుని వెతికాను. తప్పులు లేకపోలేదు. ల్యాప్‌టాప్ మూత వేస్తే నిద్రపోతోంది, ఆ సెట్టింగ్ మార్చాను. 26న గాలివానకు కరెంటు పోయి వచ్చాక ల్యాప్‌టాప్ అడ్రస్ చివర 12 కాస్తా 7 అయింది, నా మళ్ళింపు 12 వైపే చూస్తోంది. రౌటర్‌లో ఈ ల్యాప్‌టాప్‌కు ఎప్పుడూ ఒకే అడ్రస్ ఇవ్వమని రాసిపెట్టాను. బయటివాటిని అడ్డుకునే ఫైర్‌వాల్‌లో రెండు పోర్టులు తెరిచాను. ఇవన్నీ చేయాల్సినవే, కానీ చేసిన ప్రతిసారీ "ఇదిగో, ఇదే కారణం" అనుకోవడం, మామకు ఫోన్ చేయడం, "రాలేదు పాపా" వినడం. 29న విసిగిపోయి రౌటర్ వెనక ఉన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ కొట్టాను. ఇది మాత్రం ఎవరూ చేయకండి. నా మళ్ళింపులతో పాటు ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళు వేసిన సెట్టింగులు కూడా పోయాయి. మరుసటి రోజు మధ్యాహ్నం దాకా ఇంట్లో నెట్టే లేదు. కేబుల్ అబ్బాయి వచ్చి మళ్ళీ వేసి 200 తీసుకున్నాడు.

31వ తేదీ రాత్రి ఒక పని చేశాను, మొదటి రోజే చేయాల్సింది. ల్యాప్‌టాప్‌లో టీసీపీడంప్ నడిపించి, బయటినుంచి వచ్చే ప్రతి ప్యాకెట్ (నెట్‌లో పోయే డేటా ముక్క) తెరమీద కనిపించేలా పెట్టి, మామను పేజీ తెరవమన్నాను. మామ తెరిచాడు, మూసి మళ్ళీ తెరిచాడు. నా తెరమీద ఒక్క గీత కదల్లేదు. అంటే మామ కొట్టిన తలుపు మా ఇంటిది కాదు. అప్పుడు రౌటర్ స్టేటస్ పేజీ తెరిచి బయటివైపు ఐపీ చూశాను. 100.72తో మొదలైంది. "నా ఐపీ ఎంత" పేజీ చెప్పే నంబర్ పూర్తిగా వేరే.

100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులు ఎవరి సొంతమూ కావు. ఐపీవీ4 అనే పాత పద్ధతి అడ్రసులు చాలక, ఇంటర్నెట్ కంపెనీలు తమ లోపల వాడుకోవడానికని 2012లో పక్కన పెట్టిన వరుస అది. దీన్ని సీజీనాట్ అంటారు. ఒక్క బయటి అడ్రస్ వెనక ఎన్నో ఇళ్ళుంటాయి. మా తిరుపతి సత్రం లెక్కలో చెప్తాను. గదిలోంచి మనం కాఫీకి మనిషిని పంపితే, కాఫీ తిరిగి వచ్చినప్పుడు ఏ గదికివ్వాలో కౌంటర్లో రాసుంటుంది. అందుకే మనం సైట్లు చూడటానికి ఏ ఇబ్బందీ రాదు. కానీ మనల్ని వెతుక్కుంటూ బయటినుంచి చుట్టం వస్తే, గది నంబర్ కౌంటర్‌కు తెలియదు, తిప్పి పంపేస్తారు. వారం రోజులుగా నేను చేసిన పోర్టు మళ్ళింపులన్నీ నా గది తలుపు మీద "లోపలికి రండి" అని రాసుకోవడమే. కింద గేటు దగ్గరే చుట్టం ఆగిపోతున్నాడు. కోపం కంటే ఎక్కువ దిగులేసింది. నాయన గొంతు రెండు గజాల దూరంలో ఉన్న అమ్మకు వినిపిస్తోంది, పీలేరుకు పోవడం లేదు.

జూన్ 2, సోమవారం కస్టమర్ కేర్‌కు చేశాను. "బ్రౌజింగ్ వస్తోందా మేడమ్?" వస్తోంది. "స్పీడ్ ఉందా?" ఉంది. "అయితే కంప్లయింట్ క్లోజ్ చేస్తున్నాం." ఇలా మూడుసార్లు మూసేశారు. ప్రతిసారీ కొత్త మనిషి, మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాలి. నాలుగోసారి మాట మార్చాను. "బయటినుంచి నా సర్వర్ తెరుచుకోవడం లేదు" అని కాకుండా "నాకు స్టాటిక్ పబ్లిక్ ఐపీ కావాలి, ఎంత కట్టాలి?" అని అడిగాను. స్టాటిక్ పబ్లిక్ ఐపీ అంటే మారని సొంత బయటి అడ్రస్. అది అడగడం కంప్లయింట్ కాదు, అమ్మకం. వెంటనే వేరే విభాగానికి కలిపారు.

ఈ మధ్యలో 3వ తేదీన కొత్త పద్ధతి అడ్రసులైన ఐపీవీ6 ప్రయత్నించాను. రౌటర్‌లో అది ఆఫ్‌లో ఉంటే ఆన్ చేశాను, ల్యాప్‌టాప్‌కు పొడవాటి సొంత అడ్రస్ వచ్చింది. ఐపీవీ6లో అడ్రసులకు కరువు లేదు కాబట్టి సత్రం కౌంటర్ అక్కర్లేదు. రౌటర్‌లో ఐపీవీ6కు వేరే ఫైర్‌వాల్ ఉంటుంది, బయటినుంచి వచ్చేవన్నీ అది ముందే ఆపేస్తుంది. అక్కడ కూడా తెరిస్తే మామ ఫోన్లో పేజీ వచ్చేసింది! "వచ్చిందే! మీ నాయన మాట్లాడతా ఉండాడే!" అని మామ ఫోన్లోనే ఏడ్చేశాడు. కానీ బెంగళూరులో మా అత్త కొడుకు ఆఫీసులోనూ, చిత్తూరులో ఒక భాగవతార్ మనవడి ఇంట్లోనూ రాలేదు, వాళ్ళ కనెక్షన్లలో ఐపీవీ6 లేదు. పైగా మరుసటి రోజు కరెంటు పోయొచ్చేసరికి నా అడ్రస్ ముందుభాగం మారిపోయి మామకూ ఆగిపోయింది. ఒక్కరోజు వినిపించి ఆగిపోవడం అసలు వినిపించకపోవడం కంటే ఎక్కువ బాధపెట్టింది.

5న టెక్నీషియన్ వచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు. నా మాట మొత్తం విని, "అక్కా, ఇది ఇంట్లో చేసే పని గాదు, ఆఫీసులో ఐపీ మారిస్తేనే. ఫారం నింపి ఆధార్ కాపీ ఇచ్చేయండి, ఫోన్లో పోతే లేటు" అన్నాడు. నాలుగు రోజుల్లో నాకు సూటిగా చెప్పిన మొదటి మనిషి. 6న ఆఫీసుకు పోయి ఏడాదికి 2,500, జీఎస్టీతో 2,950 కట్టాను. నెలవారీ బిల్లు 707కు ఇది అదనం. "48 గంటల్లో ఆన్ అవుతుంది" అన్నారు. తొమ్మిది రోజులు పట్టింది. రోజూ పొద్దున రౌటర్ పేజీ తెరవడం, 100.72 చూడటం, మూసేయడం. రసీదు నంబర్ రాసిపెట్టుకోండి, నేను ఫోన్ చేసిన ప్రతిసారీ మొదట అడిగింది అదే.

ఒక స్నేహితురాలు ఇంకో దారి చెప్పింది. బయట నెలకింతని చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని, దానికీ ఇంటికీ మధ్య వైర్‌గార్డ్ అనే ప్రోగ్రాంతో సొరంగంలాంటి దారి వేసుకుంటే సీజీనాట్ అడ్డు రాదు. ఎందుకంటే కనెక్షన్ మొదలుపెట్టేది మన ఇల్లే, కాఫీకి మనిషిని మనమే పంపినట్టు. మీ కంపెనీ స్టాటిక్ ఐపీ ఇవ్వనంటే ఇదే మార్గం. నెల నెలా అద్దె భారం అనిపించి నేను ఆగాను.

15వ తేదీ, ఆదివారం మధ్యాహ్నం ఆన్ అయింది. లాగిన్ పేరుతో కనెక్టయ్యే పీపీపీఓఈ పద్ధతికి మార్చారు, ఐపీవీ6 పోయింది. నాకది అప్పుడు పట్టలేదు, రౌటర్ పేజీలో సొంత అడ్రస్ చూసుకున్న సంబరంలో ఉన్నాను. వెంటనే మా డొమైన్ పేరును ఆ అడ్రస్‌కు కలిపి, నా ఫోన్లో ఆ పేరు కొట్టాను. మా రౌటర్ లాగిన్ పేజీ తెరుచుకుంది! గుండె జారిపోయింది. లోకానికంతా నా రౌటర్ తలుపు తెరిచిపెట్టానా అని వైరు పీకేశాను. అరగంట తర్వాత నెమ్మదించి ఆలోచిస్తే తట్టింది, నా ఫోన్ ఇంటి వైఫై మీదే ఉంది. ఇంట్లోంచి మన బయటి అడ్రస్‌ను అడిగితే, దాన్ని వెనక్కి తిప్పి ల్యాప్‌టాప్‌కు పంపడం కొన్ని రౌటర్లకు రాదు, "అది నేనే కదా" అని తన పేజీ చూపిస్తాయి. వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూస్తే అలాంటిదేమీ లేదు. అందుకే ఇంటి వైఫై మీదుండి బయటి పరీక్ష చేయకండి. అమ్మకు ఇంట్లోనూ అదే పేరుతో తెరుచుకోవాలి కాబట్టి, పేర్లను అడ్రసులకు కలిపే రౌటర్ డీఎన్ఎస్ పట్టికలో మా పేరుకు ఎదురుగా ల్యాప్‌టాప్ లోపలి అడ్రస్ రాశాను.

మొబైల్ డేటా మీద రౌటర్ పేజీ రాలేదు, బాగానే ఉంది. కానీ నా పేజీ కూడా రాలేదు. మళ్ళీ టీసీపీడంప్. ఈసారి ఐదు నిమిషాల్లో తేలింది: 443కు కొడితే గీతలు కదులుతున్నాయి, 80కి కొడితే ఒక్కటీ రావడం లేదు. 80ని కంపెనీ వాళ్ళే ఆపారు. 443 మీద పేజీ రావాలంటే ఆ పేరు మనదేనని చెప్పే సర్టిఫికెట్ కావాలి. దాన్ని లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దగ్గర మామూలు పద్ధతిలో తీసుకోవాలంటే వాళ్ళు 80 పోర్టు మీదే వచ్చి చూసుకుంటారు. అది తెలిసీ, ఏమో అని వరసగా ఐదుసార్లు ప్రయత్నించాను. ఒకే పేరుకు గంటలో ఐదుసార్లు విఫలమైతే ఇక కాసేపు ఆగమంటారు. 16న డీఎన్ఎస్ పద్ధతికి మారాను. వాళ్ళిచ్చిన మాటను డొమైన్ రికార్డుల్లో ఒక టీఎక్స్‌టీ వరుసగా రాస్తే చాలు, ఏ పోర్టూ అక్కర్లేదు. పది నిమిషాల్లో సర్టిఫికెట్ వచ్చింది. 90 రోజులే పనిచేస్తుంది. గడువు దగ్గరపడిందని గుర్తుచేసే మెయిళ్ళను లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆ జూన్‌లోనే ఆపేసింది, కాబట్టి తనంతట తాను రెన్యూ అయ్యేలా పెట్టుకోవాలి.

443 తెరిచిన రాత్రే లాగ్‌లో (వచ్చిపోయేవాళ్ళ చిట్టాలో) తెలియని దేశాల అడ్రసులు. వర్డ్‌ప్రెస్ లాగిన్ ఉందా, ఫలానా పాస్‌వర్డుల ఫైలు ఉందా అని నిమిషానికొకటి తడిమి చూస్తున్నాయి. నాకోసం ప్రత్యేకంగా వచ్చినవి కావని తెలుసు, యంత్రాలు ఊరంతా తలుపులు తోసి చూస్తుంటాయి. అయినా నాయన క్యాసెట్లున్న ఇల్లు కదా, భయమేసింది. తప్పు పాస్‌వర్డ్ పదే పదే కొట్టేవాళ్ళను ఆపేలా ఫెయిల్‌టూబ్యాన్ పెట్టాను. అదే ఊపులో యంత్రాలు దారి గురించి ఒకదానికొకటి కబుర్లు పంపుకునే ఐసీఎంపీ మొత్తం మూసేస్తే ఇంకా భద్రం అని ఎక్కడో చదివి, అదీ మూసేశాను. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోండి.

మామకు వచ్చేసింది. చిత్తూరులో వచ్చేసింది. బెంగళూరులో మా అత్త కొడుకు ఆఫీసులో రాలేదు. 21వ తేదీ శనివారం వాడితో గంటసేపు ఫోన్లో కూర్చున్నాను. "అక్కా, తెల్ల పేజీ, చక్రం తిరుగుతోంది" అంటాడు. నా తెరమీద చూస్తే వాడు వచ్చాడు! పలకరింపులు అయ్యాయి, కనెక్షన్ కుదిరింది, ఆపైన నా ల్యాప్‌టాప్ ఒక పెద్ద ప్యాకెట్ పంపింది, జవాబు లేదు, మళ్ళీ అదే పంపింది, మళ్ళీ అదే. చిన్న ప్యాకెట్లు పోతున్నాయి, పెద్దవి దారిలో మాయమవుతున్నాయి. సర్టిఫికెట్ వెళ్ళేది ఆ పెద్ద ప్యాకెట్లలోనే. అది చేరకపోతే పాస్‌వర్డ్ అడిగే దాకా కూడా రాదు.

వారం పట్టింది నాకు. కాలేజీ మొదలైంది, రాత్రులే దొరికేవి. 27న మా అమ్మాయి విండోస్ ల్యాప్‌టాప్ నుంచి, ముక్కలు చేయొద్దనే షరతు పెట్టి వేరువేరు సైజుల్లో పింగ్ (ఉన్నావా అని అడిగే ప్యాకెట్) చేసి చూశాను. 1472 పోలేదు. 1464 పోయింది. దానికి ముందు అతికించే హెడర్ల 28 బైట్లు కలిపితే 1492. అక్కడ వెలిగింది. మామూలు ఈథర్నెట్‌లో ప్యాకెట్ 1500 బైట్లు, పీపీపీఓఈ తన కోసం 8 తీసుకుంటుంది. 1500 ప్యాకెట్ వస్తే రౌటర్ "ఇది పట్టదు, చిన్నది చేసి పంపు" అని ల్యాప్‌టాప్‌కు కబురు పంపుతుంది. ఆ కబురు వచ్చేది ఐసీఎంపీలో. నేను దాన్ని మూసేశాను. రౌటర్ చెప్తూనే ఉంది, నా ల్యాప్‌టాప్ చెవులు నేనే కట్టేశాను. మరి మామకు ఎలా వచ్చింది? పాత రికార్డు తీసి చూస్తే, మామ ఫోన్ మొదటి పలకరింపులోనే చిన్న ప్యాకెట్లు అడిగింది. చిత్తూరు కనెక్షనూ అంతే. బెంగళూరు ఆఫీసు ఒక్కటే నిండు సైజు అడిగింది.

28వ తేదీ శనివారం పొద్దున ఆ ఒక్క నిబంధన తీసేశాను. వాడికి ఫోన్ చేస్తే, "వచ్చిందక్కా" అన్నాడు. అంతే. ఆ తర్వాత వాడు మాట్లాడలేదు, అవతల దుర్యోధన వధ హరికథ వినిపిస్తోంది, నేనూ ఫోన్ పెట్టకుండా అలాగే విన్నాను.

ఖర్చు అడుగుతారు కాబట్టి రాస్తున్నాను. డొమైన్ 649, స్టాటిక్ ఐపీ 2,950, రీసెట్ చేసినందుకు 200, కరెంటు పోయినా రౌటరూ ఫైబర్ డబ్బా ఆగకుండా చిన్న యూపీఎస్ 1,450. మొత్తం 5,249. ల్యాప్‌టాప్‌కు దాని బ్యాటరీయే చాలు, అది 15 వాట్లు తాగుతుంది, నెలకు 11 యూనిట్లు.

ఆ రాత్రి పదిన్నరకు మామ ఫోన్ చేశాడు. మళ్ళీ ఆగిపోయిందేమో అని ఒళ్ళు జల్లుమంది. "పాపా, 17వ క్యాసెట్ రెండో పక్క లేదే. అర్జునుడు తపస్సు మాను ఎక్కతా ఉంటే మధ్యలో ఆగిపోయింది" అన్నాడు. పోయి చూశాను. నిజమే, ఆ క్యాసెట్ రెండో పక్క ఎక్కించడం మర్చిపోయాను. టేప్ రికార్డర్ మళ్ళీ బల్ల మీదికి తెచ్చాను.